వదలగలిగితేనే ఆట

ఢిల్లీకి సముద్రం లేదు. ఏ దిక్కుకు బయల్దేరినా దాదాపు వెయ్యి కిలోమీటర్లు పోతే గానీ ఉప్పుగాలి మొహానికి తగలదు. అయినా ఈ నగరంలో సముద్రపు గాలం వేటగాళ్లు ఉన్నారంటే కొత్తగా వచ్చినవాళ్లు నమ్మరు. గురుగ్రామ్‌లో ఐటీ ఉద్యోగులు, నోయిడా అపార్ట్‌మెంట్లలో చార్టర్డ్ అకౌంటెంట్లు, దక్షిణ ఢిల్లీలో రిటైరైన అధికారులు. వాళ్ల అల్మారాల్లో సూట్ల వెనుక ఏడడుగుల రాడ్లు నిలబెట్టి ఉంటాయి. డ్రాయర్లలో నూనె పూసి గుడ్డలో చుట్టిన రీళ్లు, రంగు రంగుల కొయ్య చేపలు. డిసెంబర్ రాగానే వాళ్లు ఢిల్లీ పొగమంచు నుంచి తప్పించుకుని అండమాన్ విమానం ఎక్కుతారు. అక్కడి పగడపు దిబ్బల అంచుల్లో తిరిగే పెద్ద పార చేపతో అరగంట పెనుగులాడి, దాన్ని ఎత్తి పట్టుకుని ఫొటో దిగి, తిరిగి నీళ్లలో వదిలేస్తారు. వేల రూపాయలు ఖర్చు పెట్టి, పట్టిన చేపను వదిలేసి, ఖాళీ చేతులతో సంతోషంగా ఇల్లు చేరతారు.

నేనూ ఆ బాపతే. కాకపోతే నా సముద్రం అండమాన్‌లో లేదు, భీమిలిలో ఉంది. పుట్టి పెరిగింది అక్కడే కాబట్టి సెలవు దొరికితే నా రాడ్డు విశాఖ విమానమే ఎక్కుతుంది. మిగతా ఏడాదంతా ఇక్కడ కూర్చుని సముద్రం కబుర్లతో కాలక్షేపం.

నిజానికి ఢిల్లీకీ సముద్రపు చేపకూ మరీ అంత దూరం ఉండేది కాదు. సముద్రంలో పెరిగి గుడ్లు పెట్టడానికి నదికి ఎదురీదే ఇలస చేప ఒకప్పుడు గంగ మీదుగా అలహాబాదు, కాన్పూరు దాకా, యమున మీదుగా ఆగ్రా దాకా వచ్చేదని, అడపాదడపా ఢిల్లీలోనూ కనిపించేదని పాత రికార్డులు చెబుతాయి. 1975లో ఫరక్కా బ్యారేజీ మొదలయ్యాక ఆ దారి మూసుకుపోయింది. గోదావరిలో మన పులసదీ అదే చేప, అదే కథ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక దాని ప్రయాణం అక్కడితో ఆగింది. ఇప్పుడు ఢిల్లీకి సముద్రం వచ్చేది థర్మోకోల్ పెట్టెల్లో, ఐసు ముక్కల మధ్య. తెల్లవారుజామున గాజీపూర్ మండీకి వెళ్తే వంజరం, చందువ, కానాగంతలు దొరుకుతాయి. ఏ రేవులో దిగాయో అమ్మేవాడికి తెలియదు, కొనేవాడు అడగడు.

నాకు మాత్రం అడిగే అలవాటు పోలేదు. ప్రతి ఆదివారం సాయంత్రం భీమిలికి ఫోన్ చేస్తాను. అవతల మాట్లాడేది ఊరి వరసకు మావ. అరవై దాటిన జాలరి. తెప్ప మీద మొదలుపెట్టి, ఇంజను బిగించిన ఫైబర్ బోటు దాకా అన్నీ చూసినవాడు. ఆయన కుశల ప్రశ్నలు వేయడు. నేరుగా విషయంలోకి వస్తాడు. ‘గాలి తిరిగిపోనాది బాబూ. నీరు మడ్డిగున్నాది. కవళ్లు ఒడ్డుకొచ్చినాయి గానీ ఎనకాల పెద్ద సేప నేదు.’ మూడు ముక్కల్లో గాలి, నీటి రంగు, ఎర చేప, వేట చేప అన్నీ వచ్చేశాయి. విదేశాల్లో పడవల కెప్టెన్లు గాలం సరదా ఉన్నవాళ్ల కోసం రోజూ ఇచ్చే ‘కండిషన్స్ రిపోర్టు’లో ఉండేవీ ఇవే. వాళ్లు పేజీ నిండా రాస్తారు, మావ ఫోన్లో ఒక్క గుక్కలో చెబుతాడు.

ఈ లెక్కలు గాలిలోంచి పుట్టినవి కావు. బంగాళాఖాతం వెచ్చని సముద్రం. ఏడాదిలో చాలా కాలం పైనీరు 27, 28 డిగ్రీల దగ్గరే ఉంటుంది, ఎండాకాలంలో 30కి చేరుతుంది. వెచ్చని నీరు పైన పరుపులా పరుచుకుంటే అడుగునున్న పోషకాలు పైకి రావు. పోషకాలు రాకపోతే నాచు పెరగదు. నాచు లేనిచోట కవళ్లూ నెత్తళ్లూ ఉండవు, అవి లేనిచోటికి వంజరం ఎందుకొస్తుంది? ఆ పరుపును కదిలించేది గాలి. ఫిబ్రవరి తర్వాత నైరుతి నుంచి తీరం వెంబడి గాలి వీచడం మొదలైతే విశాఖ తీరంలో పైనీరు లోపలికి జరిగి, దాని స్థానంలోకి అడుగు నుంచి చల్లటి నీరు పైకి వస్తుంది. 1950ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఈ సంగతిని కొలిచి చూపించాడు. మార్చిలో ‘నీరు పచ్చబడింది’ అని మావ అన్నాడంటే ఆ చల్లటి నీరు పైకి వచ్చిందన్నమాటే. నాలాంటివాడు టిక్కెట్టు కొనుక్కోవలసిన సమయం కూడా అదే.

ఆ తర్వాతి నెలల సంగతీ ఇలాగే చెప్పుకోవచ్చు. ఏప్రిల్ 15 నుంచి వేట నిషేధం. జూన్ మధ్యలో అది ఎత్తేశాక మొదటి వారం వలలు బరువుగా వస్తాయి. వానాకాలంలో నదుల వరద నీరు తీరం వెంట పరుచుకుంటే కొయ్య చేపతో వేట దండగ, ఆ బురదలో ఎరే కనిపించదు. అక్టోబర్, నవంబర్ తుఫాన్ల నెలలు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను తాకిన రోజు ఈ తీరంలో ఎవరూ మర్చిపోరు. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా గాలి ఈశాన్యం, నీరు తేట. రాళ్ల దగ్గర పార, కాస్త లోపల వంజరం, ఇంకా లోపలికి పోతే సూర. విశాఖ తీరానికి లోతు దగ్గర కావడం వల్ల చిన్న పడవల వాళ్లు కూడా గాలంతో పసుపు రెక్కల సూరను వేటాడగలుగుతున్నారు.

ఇప్పుడు హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ ఉపగ్రహాలతో సముద్రపు వేడినీ, నాచు రంగునూ చూసి, ఏ రేవు నుంచి ఏ దిక్కుకు ఎన్ని కిలోమీటర్లు వెళ్తే చేప దొరికే అవకాశముందో తెలుగులోనే చెబుతోంది. సముద్రం లేని హైదరాబాద్ నుంచి సముద్రం సమాచారం భీమిలికి వెళ్తుంది, భీమిలి నుంచి అది సముద్రం లేని ఢిల్లీకి నా ఫోన్లోకి వస్తుంది. దానికి మావ తన వ్యాఖ్యానం కలుపుతాడు: ‘ఆలు సెప్పిన సోట సేపుంటాది. ఆడికెల్లడానికి డీజిలుండాల గదా.’

ఈ తీరానికి గాలం ప్రపంచంలో ఉన్న పాత చుట్టరికం ఒకటి చాలామందికి తెలియదు. ప్యాట్రిక్ రస్సెల్ అంటే మనకు గుర్తొచ్చేది రక్తపింజరి, ఇంగ్లిషువాళ్లు దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. అదే రస్సెల్ 1780ల్లో విశాఖపట్నంలో ఉంటూ రేవుకు వచ్చిన చేపల్ని సేకరించి, స్థానిక చిత్రకారులతో బొమ్మలు వేయించాడు. 1803లో లండన్‌లో 200 చేపల పుస్తకం వచ్చింది. బొమ్మల కింద ఆయన రాసుకున్నవి జాలర్లు చెప్పిన తెలుగు పేర్లే. అందులోని ‘తలాంగ్ పార’ నేటికీ ఇంగ్లిషులో తలాంగ్ క్వీన్‌ఫిష్‌గా బతికే ఉంది. ‘తోలు పార’లోని ‘తోలు’ ఆ చేప శాస్త్రీయ నామంలోకి ఎక్కి కూర్చుంది. ఆస్ట్రేలియా నుంచి ఒమన్ దాకా గాలం ఆటగాళ్లు మురిసిపోయే చేప ఇది. గాలానికి పడగానే నీళ్ల మీదికి ఎగురుతుంది. దాన్ని పట్టి ఫొటో దిగే వాళ్లకు తాము విశాఖ జాలరి పెట్టిన పేరు పలుకుతున్నామని తెలియదు. పేరు ఎక్కడికో వెళ్లింది, పేరు పెట్టినవాడు ఉన్నచోటే ఉన్నాడు.

అసలు సరదా గాలానికీ బతుకు గాలానికీ తేడా ఏమిటి? ఖరీదు అని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో తేడా ఒక చిన్న యంత్రభాగంలో ఉంది. రీలులో ‘డ్రాగ్’ అని ఒకటుంటుంది. సైకిల్ బ్రేకు లాంటిదే. దారం ఎంత బరువుకు తెగుతుందో అందులో మూడో వంతుకో నాలుగో వంతుకో ఆ బ్రేకును బిగిస్తాం. చేప అంతకంటే గట్టిగా లాగితే దారం తెగదు, జారుతుంది. చేప వంద మీటర్లు పరిగెత్తుతుంది, అలిసిపోతుంది. మనం చుట్టుకుంటాం. మళ్లీ పరిగెత్తుతుంది, మళ్లీ జారనిస్తాం. గెలిపించేది లాగడం కాదు, వదలడం. మరీ పెద్ద చేప పడి చేతకాదనుకుంటే కత్తితో దారం కోసేస్తాం. పోయేది ఒక ముల్లు, కొంత దారం, కాస్త పరువు.

మావ గాలానికి డ్రాగ్ లేదు. ఆయన దగ్గరున్నది మందపాటి నైలాన్ తాడు, చివర ముల్లు, ఇవతల అరచెయ్యి. చేప లాగితే జారేది అరచేతిలోంచే. ఆయన కుడిచేతి చూపుడు వేలు కింద గీతలు గీతలుగా ఉన్న మచ్చలు చేతిరాతలా కనిపిస్తాయి. వదిలితే తాడు పోతుంది, తాడుతో పాటు ఆ రోజు డీజిలు డబ్బులు పోతాయి. అందుకే వదలడు. పడవ కొయ్యకు తాడు కట్టేస్తే పడవకు ముప్పు. కట్టకపోతే తనకు ముప్పు.

ఈ ముప్పు ఎంతటిదో ఢిల్లీ గాలం మిత్రులకు చెప్పాలంటే కొమ్ముకోనాం గురించి చెప్పాలి. ఇంగ్లిషులో బ్లాక్ మార్లిన్. ముక్కు స్థానంలో ఈటె ఉన్న చేప. ప్రపంచంలో గాలం ఆటగాళ్లందరి కలల చేప. 1953 ఆగస్టు 4న పెరూ తీరంలోని కాబో బ్లాంకో దగ్గర ఆల్ఫ్రెడ్ గ్లాసెల్ అనే అమెరికన్ 1,560 పౌండ్ల కొమ్ముకోనాంను రాడ్డుతో పట్టాడు. అంటే 700 కిలోల పైమాటే. ఆ రికార్డును ఇంతవరకు ఎవరూ దాటలేదు. హెమింగ్వే ‘ది ఓల్డ్ మ్యాన్ అండ్ ద సీ’ని 1958లో సినిమాగా తీసినప్పుడు అందులో చేప ఎగిరే దృశ్యాలకు వాడింది గ్లాసెల్ వేట తాలూకు ఫిల్మే.

అదే చేప మన తీరంలో వేరే కారణాలతో వార్తల్లోకి వస్తుంది. 2022 ఫిబ్రవరిలో పరవాడ దగ్గరి ముత్యాలమ్మపాలెం నుంచి వేటకు వెళ్లిన ఒక మత్స్యకారుడు కొమ్ముకోనాం పొడిచి సముద్రంలోనే ప్రాణం విడిచాడు. 2025 జూలైలో పూడిమడక నుంచి వెళ్లిన ఒక యువకుడు గాలానికి పడిన కొమ్ముకోనాంను పడవలోకి లాగబోయాడు. ఆ చేపే అతన్ని సముద్రంలోకి లాక్కుపోయింది. రెండో వార్త వచ్చిన రోజు మా గాలం మిత్రుల మధ్య జరిగిన చర్చంతా చేప ఎన్ని కిలోలుంటుందన్న దాని మీదే నడిచింది. ‘అతని డ్రాగ్ ఎంత మీద పెట్టుకున్నాడో’ అని ఒకాయన అడిగాడు. ఆయన వెటకారం చేయలేదు. డ్రాగ్ లేని గాలాన్ని ఆయన ఊహించలేకపోయాడు, అంతే.

ఒక జనవరిలో మావ బోటులో వెళ్లినప్పటి సంగతి చెప్పాలి. ఒడ్డు చిన్న గీతలా కనిపించేంత దూరం వచ్చాం. నీరు తేటగా, నూనె పోసినట్టు ఉంది. మావ తాడుకు కవళ్లు గుచ్చి వదిలాడు. నేను నా రాడ్డుతో కొయ్య చేప విసిరాను. గంటన్నర ఏమీ లేదు. ఆ తర్వాత నాకు ఒక పార తగిలింది. రీలు కీచుమంది, దారం పరిగెత్తింది. పావుగంటకు అది పడవ పక్కకు వచ్చింది. ఆరేడు కిలోలుంటుంది, వెండి పళ్లెంలా మెరుస్తోంది. అలవాటు ప్రకారం ముల్లు ఊడదీసి, తల నీళ్లలోకి పెట్టి, మొప్పలు ఆడేదాకా పట్టుకుని వదిలేశాను. తోక విదిల్చి కిందికి పోయింది. తిరిగి చూస్తే మావ నా వంకే చూస్తున్నాడు.

‘వదిలీడానికేనా బాబూ ఇంత దూరం ఒచ్చీది?’

కోపం లేదు ఆ మాటలో. నిజంగానే తెలుసుకోవాలనుకున్నాడు. వదిలితే పెరుగుతుంది, మళ్లీ గుడ్లు పెడుతుంది, రేపు ఇంకొకరికి దొరుకుతుంది అని నాకు తెలిసిన జవాబు చెప్పాను. ఆయన కాసేపు తాడు కదిపి చూసుకుని అన్నాడు: ‘నిజివే. కానీ రేపటి సేప రేపటోడిది. ఇయ్యాల్టి బియ్యం నాది.’ ఆ రోజు ఆయన తాడుకు పడింది రెండు చిన్న సూరలు. ఒడ్డుకు చేరాక డీజిలు లెక్క చూసుకుంటే సరిగ్గా సరిపోయింది. నా విమానం టిక్కెట్టు ఆ లెక్కలోకి రాలేదు, ఎందుకంటే నేను ఆడుకోవడానికి వచ్చాను.

అలాగని మత్స్యకారులకు వదలడం తెలియదనుకుంటే పొరపాటు. నిజానికి ఈ దేశంలో అందరికంటే ఎక్కువ వదులుతున్నది వాళ్లే. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల పాటు మరపడవలు, ఇంజను పడవలు కదలవు. 2015కు ముందు ఇది 47 రోజులుండేది. చేపలు గుడ్లు పెట్టే కాలంలో వాటిని వదిలేయడమే ఈ నిషేధం ఉద్దేశం. అంటే ఏటా 61 రోజుల క్యాచ్ అండ్ రిలీజ్. కాకపోతే ఇక్కడ పట్టకుండానే వదలడం. తిమింగలం సొరను 2001లో వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. 2021 డిసెంబర్‌లో విశాఖ దగ్గర తంతడి తీరానికి కొట్టుకొచ్చిన తిమింగలం సొరను అటవీ సిబ్బంది, మత్స్యకారులు కలిసి తిరిగి సముద్రంలోకి పంపారు. మా మిత్రులెవరూ జన్మలో అంత పెద్ద చేపను వదిలి ఉండరు.

తేడా అల్లా ఆ వదలడానికి ఖర్చు ఎవరు భరిస్తారన్నదే. నేను పారను వదిలితే దాని ఖర్చు నా జీతంలో ఎక్కడో కలిసిపోతుంది. మావ వదిలితే అది ఆ రోజు వంటింట్లో తెలుస్తుంది. గుజరాత్‌లో ఈ సంగతి కాస్త ముందే గ్రహించారు. వలలో పడిన తిమింగలం సొరను వల కోసి వదిలిన మత్స్యకారుడికి, తెగిన వలకు పరిహారం చెల్లించే పద్ధతి పెట్టారు. దాంతో ఒకప్పుడు ఆ సొరను వేటాడిన రేవుల్లోనే దాన్ని విడిచిపెట్టడం మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో నిషేధ కాలపు భృతి 2019లో కుటుంబానికి 10 వేల రూపాయలైంది, 2025లో 20 వేలకు పెరిగింది. రెండు నెలలకు అది చాలుతుందా అంటే ఇంట్లో ఎంతమంది ఉన్నారో చూసి చెప్పాలి. కానీ సూత్రం మాత్రం సరైనదే. వదలమని చెప్పేవాళ్లు వదిలేవాడి ఖర్చులో పాలు పంచుకోవాలి.

ఆ చెప్పేవాళ్లు ఉండేది మా ఊళ్లోనే, అంటే ఢిల్లీలో. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల దాకా, అంటే సుమారు 22 కిలోమీటర్ల వరకు చేపల వేట రాష్ట్రం పరిధి. అది దాటి 200 నాటికల్ మైళ్ల వరకు కేంద్రానిది. సూరా, కొమ్ముకోనామూ ఎక్కువగా తిరిగేది అక్కడే. ఏ తీరంలో ఎప్పుడు వేట ఆపాలన్న ఉత్తర్వు ఏటా ఇక్కడినుంచే వెళ్తుంది. పడమటి తీరంలో నిషేధం జూన్ 1 నుంచి జూలై 31 దాకా. లెక్క వేస్తే ఏటా జూన్ మొదటి పద్నాలుగు రోజులు రెండు తీరాల్లోనూ వేట మూతే. ఆ రెండు వారాల్లో ఢిల్లీలో ‘తాజా సముద్రపు చేప’ అని ఎవరైనా అంటే కళ్లూ మొప్పలూ ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. నేనైతే ఆ రోజుల్లో కొల్లేటి చెరువుల బొచ్చెతో సరిపెట్టుకుంటాను.

ఈ మధ్య లక్షద్వీప్, అండమాన్‌లలో సరదా గాలాన్ని పర్యాటకంగా పెంచాలన్న మాట బాగా వినిపిస్తోంది. మన తీరంలోనూ ఎందుకు ఉండకూడదని నాకూ అనిపిస్తుంది. ఆంధ్ర తీరం పొడవు దాదాపు వెయ్యి కిలోమీటర్లు. విశాఖ నుంచి చిన్న పడవలో వెళ్లి పెద్ద సూరను కలుసుకోవచ్చు. ఢిల్లీ నుంచి విశాఖకు విమానంలో రెండున్నర గంటలు లేదు. నా మిత్రులు చాలామంది రావడానికి సిద్ధం. ఒక సూరను చంపి అమ్మితే ఒకసారే డబ్బు వస్తుంది. అదే సూరను ఆటగాడికి చూపించి వదిలిస్తే, ఆ చేప బతికి ఉన్నంత కాలం పడవకు కిరాయి వస్తుంది. ఇది కాగితం మీద చాలా అందమైన లెక్క.

ఆ లెక్క పట్టుకుని మావ కొడుకుతో మాట్లాడాను. ఇరవై ఏడేళ్లవాడు, ఇంటర్ చదివాడు. నీటి రంగు చూసి లోతు చెప్పడం తండ్రి నుంచి వచ్చింది, ఫోన్లో ఇన్‌కాయిస్ సమాచారం చూసుకోవడం సొంతంగా నేర్చుకున్నాడు. గైడుగా ఇంతకంటే అర్హత ఏం కావాలి? అతను శ్రద్ధగా విని నాలుగు ప్రశ్నలు అడిగాడు. ఆటగాళ్లు వచ్చేది ఏడాదిలో ఎన్ని నెలలు? గాలి లేచి వాళ్లు రానని అంటే ఆ రోజు డబ్బులు ఎవరిస్తారు? పడవలో బయటివాళ్లకేమైనా అయితే కేసు ఎవరి మీద? రేపు ఏ హోటలు వాళ్లో పెద్ద స్పీడు బోటు తెస్తే మా పని ఏంటి? నా దగ్గర మొదటిదానికి తప్ప జవాబు లేదు. మొదటిదానికి జవాబు కూడా మూడు నాలుగు నెలలు అనే.

అతను ఇప్పుడు వెరావల్ వెళ్లే ఆలోచనలో ఉన్నాడు. ఉత్తరాంధ్ర నుంచి వందలాది మంది అలా గుజరాత్ బోట్ల మీద కూలికి వెళ్తూనే ఉన్నారు. అక్కడ జీతం నెలనెలా ఖాయం, ముప్పు కూడా అంతే ఖాయం. 2018 నవంబర్‌లో అలా వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు పాకిస్తాన్ చేతికి చిక్కారు. వాళ్లలో 20 మంది 2020 జనవరి 6న వాఘా దగ్గర ఇటు అడుగుపెట్టేదాకా కరాచీ జైల్లోనే గడిపారు. మావకు ఇదంతా తెలుసు. ‘వద్దని సెప్పీసాను’ అంటాడు. కాసేపాగి, ‘ఉండిపొమ్మని సెప్పడానికి మాత్రం నాకాడేటుంది?’ అంటాడు.

అందుకే సరదా గాలం మన తీరానికి రావాలని కోరుకుంటూనే, అది ఏ రూపంలో వస్తుందన్నదే అసలు విషయమని అనుకుంటున్నాను. పడవ జాలరిదై ఉండాలి. సముద్రంలోకి వెళ్లాలా వద్దా అని చెప్పే అధికారం అతనిదే కావాలి, హోటలు బుకింగ్ డెస్కుది కాదు. గాలి లేచి వెనక్కి తిరిగిన రోజుకూ కిరాయి దక్కాలి. పడవకూ మనుషులకూ బీమా ఉండాలి. వచ్చే ఆటగాడు తెచ్చే సామాన్లలోంచి తీరం నేర్చుకోవలసింది కొయ్య చేపల రంగులు కాదు, డ్రాగ్. బతుకు వేటలో కూడా తాడు చివర బ్రేకున్న చట్రం ఒకటి, పక్కనే కత్తి ఒకటి, ఒంటి మీద లైఫ్ జాకెట్, తాడు పోతే కొత్త తాడు కొనుక్కోగలనన్న ధీమా. ఇవి ఉంటే కొమ్ముకోనాం పడినప్పుడు వదిలేయాలా వద్దా అన్నది మనిషి చేతిలో ఉంటుంది. లేకపోతే అది చేప చేతిలో ఉంటుంది. ఆటకూ ప్రాణాపాయానికీ మధ్య ఉన్నది ఆ ఒక్క వెసులుబాటే.

పూడిమడక వార్త తర్వాత ఢిల్లీలో ఒక గాలం సామాన్ల దుకాణం నుంచి మావకు మందపాటి గ్లౌజుల జత, దారం కోసే కత్తి ఒకటి పంపాను. తాడు చేతికి చుట్టుకోవద్దని, పెద్దది పడితే కోసేయమని ఫోన్లో మరీ మరీ చెప్పాను. పై ఆదివారం ఎలా ఉన్నాయని అడిగాను.

‘గ్లౌజులు బాగున్నాయి బాబూ, అయిసు పెట్టెలు మోసీటప్పుడు సెయ్యి తిమ్మిరెక్కట్నేదు.’

‘మరి కత్తి?’

‘పడవలోనే ఉన్నాది,’ అన్నాడు. ఆ తర్వాత, నేను ఇంకేమీ అడగకముందే, ‘రేపు తాడు కొత్తది కొంటన్నాను. పాతదుంటే కొయ్యడానికి మనసొప్పుతాదేటో సూడాల’ అని, గాలి సంగతిలోకి వెళ్లిపోయాడు.